మోకాలు ఎప్పుడు పాసైనట్టు?

మోకాలిలోని ఏసీఎల్ లిగమెంటుకు ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియోథెరపీ గదిలో అడిగే ప్రశ్న ఒక్కటే. “ఇంకెన్నాళ్లు డాక్టరుగారూ?” మొదటి వారంలో అడుగుతారు. మూడో నెలలో అడుగుతారు. ఆరో నెల వచ్చేసరికి అడగడం మానేస్తారు, ఆ తర్వాత రావడమే మానేస్తారు. చివరికి ఆ రీహాబ్ ఎప్పుడు ముగియాలో తేల్చింది సర్జనూ కాదు, ఫిజియో కూడా కాదు. విసుగు.

మొదలుపెట్టడం గురించి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు బోలెడు చెబుతాయి. తెల్లవారుజామున లేవండి, తొలి అడుగు వేయండి, వాయిదా మానండి... బాగానే ఉంది. ‘ఇక చాలు’ అని ఎప్పుడు అనుకోవాలో చెప్పేవాళ్లే తక్కువ. సగంలో వదిలేసే అలవాటూ మనకుంది, ముగిసిపోయినా వదల్లేని అలవాటూ ఉంది. రెండింటినీ ఒకేచోట చూడాలంటే తెగిన మోకాలి లిగమెంటును మించిన చోటు లేదు.

అన్నం ఉడికిందో లేదో వంట తెలిసినవాళ్లు గడియారం చూసి చెప్పరు, మెతుకు పట్టి చూస్తారు. మోకాలికీ అంతే. కాకపోతే ఇక్కడ ఒక్క మెతుకు చాలదు. అందుకని ముందు మీ ప్రశ్న మార్చుకోండి. ‘ఎన్నాళ్లు?’ తీసేసి, ‘ఏమేం చేసి చూపిస్తే?’ అని అడగండి. మొదటి ప్రశ్న అడిగినవాడు తేదీ కోసం కూర్చుంటాడు. రెండోది అడిగినవాడికి రేపు పొద్దున్నే పని ఉంటుంది.

నొప్పి పోయింది కదా!

ఏసీఎల్ మోకాలి మధ్యలో, తొడ ఎముకను కింది కాలి ఎముకతో ఏటవాలుగా కలిపే పట్టీ. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలిపడకుండా పట్టి ఉంచుతుంది. కబడ్డీలో రైడర్ గిరుక్కున తిరిగినప్పుడు, షటిల్‌లో వెనక్కి ఎగిరి స్మాష్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు, జారిపోతున్న బండిని కాలు ఆన్చి ఆపబోయినప్పుడు ‘టప్’మంటుంది. ఆటల్లో అయితే చాలాసార్లు అవతలివాడు తగలకుండానే తెగుతుంది. తెగిందాని స్థానంలో తొడ వెనక స్నాయువులోంచో, మోకాలిచిప్ప కింది స్నాయువులోంచో ముక్క తీసి అమరుస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు.

అందరికీ ఆపరేషన్ తప్పదని కాదు. స్వీడన్‌లో 121 మంది యువకులను, యువతులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేశారు. రెండో జట్టుకు ముందు వ్యాయామాలు ఇచ్చి, అవసరమైతేనే తర్వాత చేస్తామన్నారు. 2010లో ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్లయ్యాక రెండు జట్ల మోకాళ్ల స్కోరు దాదాపు ఒక్కటే. రెండో జట్టులో సగానికి పైగా ఆ రెండేళ్లూ కత్తి లేకుండానే నెట్టుకొచ్చారు. ఏ దారిన వెళ్లినా ముగింపు దగ్గర ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఇదే: ఇక చాలా?

అమర్చిన రోజున గ్రాఫ్ట్ లిగమెంట్ కాదు. రక్త ప్రసరణ తెగిన ముక్క అది. అందులోని పాత కణాలు చనిపోతాయి, చుట్టూ నుంచి కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు చేరి నెలల తరబడి దాన్ని తిరిగి అల్లుతాయి. ఏడాది దాటినా ఆ పని సాగుతూనే ఉంటుంది. మధ్యలో, తొలి కొన్ని నెలల్లో, ఆ ముక్క వేసిన రోజుకన్నా బలహీనంగా ఉండే కాలం ఒకటి వస్తుంది. ఇక్కడే ప్రకృతి మనతో పరాచికాలాడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోతుంది. బ్రేస్ తీసేస్తారు. మెట్లు ఎక్కుతారు, బండి నడుపుతారు, ఇంటికొచ్చిన బంధువు “నడక చూస్తే ఆపరేషన్ అయినట్టే లేదురా!” అని మెచ్చుకుంటాడు. “నాకేం లేదండీ, బాగైపోయింది” అని మనమూ అనేస్తాం. ఫిజియోలు వినడానికి భయపడే వాక్యం అదే.

నొప్పి పోవడం అంటే నొప్పి పోయిందనే అర్థం. బలం వచ్చిందని కాదు, బ్యాలెన్స్ వచ్చిందని కాదు, గ్రాఫ్ట్ గట్టిపడిందని అసలే కాదు. ఎమ్మారై ఫిల్మును బల్బుకెదురుగా పట్టుకుని చూసినా ఇది తేలదు. గ్రాఫ్ట్ ఉందో లేదో అది చెబుతుంది గానీ, రేపు మీరు పరుగెడుతూ హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో చెప్పదు.

మరి కాలానికి విలువే లేదా? ఉంది. నార్వేలోని ఓస్లో, అమెరికాలోని డెలావేర్ పరిశోధకులు ఆపరేషన్ అయిన 106 మందిని రెండేళ్లపాటు గమనించి 2016లో లెక్క ప్రకటించారు. మెలికలు, దూకుళ్లు ఉండే ఆటలకు తిరిగి వెళ్లడం తొమ్మిది నెలల వరకు ఆలస్యమైన కొద్దీ, ఒక్కో నెలకు మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. తొమ్మిది దాటాక కాలం వల్ల ఆపాటి లాభం కనబడలేదు. అదే బృందం పరీక్షలు పెట్టి కూడా చూసింది. వాటిలో గట్టెక్కకుండానే మైదానంలో దిగినవాళ్లలో 38.2 శాతం మందికి మళ్లీ మోకాలి దెబ్బ తగిలింది. గట్టెక్కి దిగినవాళ్లలో 5.6 శాతానికే. 106 మంది అంటే చిన్న గుంపే, ఆ అంకెల్ని శిలాశాసనంగా చదవక్కర్లేదు. అవి చూపే దిక్కు మాత్రం స్పష్టం. తొమ్మిది నెలలు కనీస హాజరు. హాజరున్నంత మాత్రాన ఎవరూ పాస్ చేయరు.

దేనికి ఫిట్?

2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో క్రికెటర్ రిషభ్ పంత్ కుడి మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయి. జనవరిలో ముంబైలో ఆపరేషన్. 2024 మార్చి 12న బీసీసీఐ అతను ఫిట్ అని ప్రకటించింది. ఆ ప్రకటనలో ‘వికెట్‌కీపర్ బ్యాటర్‌గా’ అన్న మాట ఉంది చూడండి, అది ఊరికే వేసింది కాదు. బ్యాటు పట్టుకుని నిలబడటం ఒక పని. బంతి బంతికీ స్టంపుల వెనక గొంతుక్కూర్చుని లేవడం, పక్కకు ఎగిరి దూకడం ఇంకో పని. ఆ రెండో పనికి కూడా సరిపోతాడని తేల్చాకే మోకాలిని వదిలారు.

మీరు దేనికి ఫిట్ కావాలి? ఈ జవాబు లేకుండా రీహాబ్ మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆపాలో తెలియక ఎక్కడో ఒకచోట ఆపేస్తారు. కాబట్టి ఒక కాగితం తీసుకోండి. మీ మోకాలితో ఏమేం చేయించుకోవాలో మీ మాటల్లో రాయండి. ‘మామూలుగా అవ్వాలి’ అని రాయకండి, అది పరీక్షకు నిలిచే మాట కాదు. ‘ఆదివారం టర్ఫ్ మీద గంటసేపు ఫుట్‌బాల్’, ‘కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్’, ‘మూడో అంతస్తుకు గ్యాస్ సిలిండర్ మోయడం’, ఇలా రాయండి.

విదేశాల్లో తయారైన చెక్‌లిస్టుల్లో మన బతుకు పూర్తిగా కనిపించదు. వాటిలో దూకుళ్లు ఉంటాయి గానీ పీటమీద బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చోవడం ఉండదు. నాటు వేసే రోజు మోకాలి లోతు బురదలోంచి కాలు పీక్కోవడం, తడిసిన గట్టు మీద నడవడం, కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు దిగడం, ఇండియన్ టాయిలెట్‌లో కూర్చుని ఏమీ పట్టుకోకుండా లేవడం... ఇవేవీ ఉండవు. మీ ఫిజియోకు మీ పొలం తెలియదు, మీరే చెప్పాలి. నెలవంక ఎముక అనే మాట విని ఉంటారు, నిజానికి అది ఎముక కాదు, నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి మెనిస్కస్. లిగమెంటుతోపాటు దానికీ కుట్లు పడి ఉంటే లోతుగా కూర్చోవడం ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడిగే మొదలుపెట్టండి.

ఈ కాగితం వల్ల ఇంకో మేలుంది. యాభై ఏళ్ల కిరాణా కొట్టు యజమానురాలికి ఒంటికాలి దూకుళ్లలో పాస్ మార్కులు అక్కర్లేదు. మెట్లు, బస్సు, బస్తా, నేలమీద కూర్చోవడం సాఫీగా సాగి, కాలు ఎక్కడా పక్కకు జారినట్టు అనిపించకపోతే, వాపు రాకపోతే ఆమె రీహాబ్ అయిపోయినట్టే. ఆమెను కూడా క్రీడాకారిణిలా ఏడాది తిప్పడం అన్యాయం. పంతొమ్మిదేళ్ల కబడ్డీ ఆటగాడిని ఆమె జాబితాతో ఇంటికి పంపడం అంతకన్నా పెద్ద అన్యాయం.

కొలవండి, ఊహించకండి

మొదటి మెతుకు, కాలు పూర్తిగా చాపగలగడం. మనవాళ్ల ధ్యాసంతా మడవడం మీదే. “ఎంత వంగుతోంది?” అని అడుగుతారే తప్ప “ఎంత సాగుతోంది?” అని అడిగేవాళ్లను చూడం. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటారు. ఆ దిండే రెండు మూడు డిగ్రీల వంకరను కాపురం పెట్టిస్తుంది. పూర్తిగా సాగని మోకాలితో తొడ కండరం పూర్తిగా బిగుసుకోదు, నడక కుంటుతుంది. మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల కింది భాగం అంచు దాటి గాల్లో ఉండేలా వదిలేయండి. ఎవరినైనా వెనక నుంచి చూడమనండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. సెంటీమీటరు తేడా అంటే సుమారు ఒక డిగ్రీ లోటు. ఇది తొలి వారాల్లోనే సాధించాల్సింది. తొమ్మిదో నెలలో ఈ లోటు కనబడితే మిగతా పరీక్షల మాట తర్వాత.

రెండోది వాపు. మోకాలి లోపలి పక్క అరచేత్తో కింది నుంచి పైకి తోసి, బయటి పక్క పైనుంచి కిందికి జార్చినప్పుడు లోపలి గుంటలోకి నీరు అలలా తిరిగొస్తుందేమో ఫిజియో చూస్తారు. నేర్పించమని అడగండి, అర నిమిషం పని. వాపు అబద్ధమాడదు. నిన్న చేసింది మోకాలికి ఎక్కువైందో లేదో మీకన్నా ముందు దానికి తెలుస్తుంది.

మూడోది తొడ ముందు కండరం, అందరూ క్వాడ్స్ అనేది. రీహాబ్ ప్రాణమంతా ఇక్కడే ఉంది, ఎగ్గొట్టేదీ ఇక్కడే. టేపు పెట్టి తొడ చుట్టుకొలత చూసి ‘వచ్చేసింది’ అనుకోవడం చాలదు. చుట్టుకొలత వేరు, బలం వేరు. పెద్ద ఆస్పత్రుల్లో, క్రీడా కేంద్రాల్లో ఐసోకైనెటిక్ యంత్రం ఉంటుంది, నిర్ణీత వేగంతో కాలు తన్నినప్పుడు ఎంత బలం వస్తోందో గీత గీసి చూపిస్తుంది. అది దొరక్కపోతే చేతిలో పట్టే డైనమోమీటరు. అదీ లేకపోతే వీధి చివర జిమ్‌లోని లెగ్ ఎక్స్‌టెన్షన్ యంత్రమైనా సరే, ఫిజియో చెప్పిన దశలో, చెప్పిన కోణంలో, ఒక్కో కాలితో విడివిడిగా. మంచి కాలు 40 కిలోలు ఎత్తితే ఆపరేషనైన కాలు కనీసం 36 ఎత్తాలి. అంటే 90 శాతం. ఆస్ట్రేలియాలో రూపొందిన మెల్బోర్న్ గైడ్ ఇంకో సులువైన పరీక్ష చెబుతుంది: కుర్చీలోంచి ఒంటికాలి మీద లేచి కూర్చోవడం, ఒక్కో కాలితో 22 సార్లకు పైగా. చదివి నవ్వుకున్నవాళ్లు ఇప్పుడే లేచి ప్రయత్నించవచ్చు, మోకాలు బాగున్నవాళ్లయినా సరే.

ఆ 90 శాతంలో ఒక మోసం దాగి ఉంది. ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే మంచి కాలు మాత్రం మంచిగా ఉంటుందా? అదీ నీరసిస్తుంది. నీరసించిన కాలితో పోల్చి 90 వచ్చిందని పండగ చేసుకుంటాం. అమెరికాలో 70 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధన ఈ గుట్టు విప్పింది. ఆరు నెలలప్పుడు మామూలు లెక్కన 57 శాతం మంది అన్ని పరీక్షల్లో 90 దాటారు. ఆపరేషన్‌కు ముందు మంచి కాలికి ఉన్న బలంతో పోలిస్తే దాటింది 29 శాతం లోపే. కాబట్టి ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే మంచి కాలి బలం కొలిపించి రాసి పెట్టుకోండి. పక్కవాడు పడిపోయాడు కాబట్టి నేను ఫస్టు వచ్చానని చెప్పుకోవడం మనకు చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ అలవాటే. మోకాలి దగ్గరైనా ఆ పద్ధతి మానేద్దాం.

నాలుగోది దూకుళ్లు. ఒంటికాలితో ఒక దూకు, వరసగా మూడు దూకులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు, ఆరు మీటర్లు ఒంటికాలితో ఎంత వేగంగా గెంతుతూ వెళ్లగలరో ఇంకొకటి. ఇక్కడా 90 శాతమే గీత. అయితే దూరం ఒక్కటే చూస్తే మోసపోతాం. మోకాలు చేయాల్సిన పనిని తుంటి, చీలమండ పంచుకుని టేపు మీద దూరాన్ని సమానం చేసేస్తాయి. శరీరం అంత గడుసుది. నిట్టనిలువుగా ఎగరమంటే ఈ దొంగతనం ఎక్కువగా బయటపడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. నేలమీద దిగిన క్షణంలో మోకాలు లోపలికి పడుతోందా? శరీరం పక్కకు ఒరుగుతోందా? కాలు కర్రలా బిగుసుకుంటోందా? ఇదే పరీక్ష గంట ప్రాక్టీసు తర్వాత, ఆయాసంగా ఉన్నప్పుడు మళ్లీ చేయండి. ఆట మోకాలిని అడిగే పని అలసిపోయాక కూడా అడుగుతుంది, ఏసీ గదిలో అడగదు.

ఇదంతా చాదస్తమనిపిస్తే ఖతార్ రాజధాని దోహాలోని ఆస్పెటార్ ఆస్పత్రి లెక్క వినండి. 158 మంది వృత్తి క్రీడాకారులు, అందరూ మగవాళ్లే. కండరాల బలం, మూడు రకాల దూకుళ్లు, పరుగు పరీక్ష, మైదానంలో ఆటకు తగ్గ శిక్షణ పూర్తి చేయడం కలిపి ఆరు షరతులు పెట్టారు. ఆరూ తీర్చకుండా వెళ్లినవాళ్లకు గ్రాఫ్ట్ తెగే ప్రమాదం నాలుగు రెట్లు. ఇది కూడా 2016 నాటి అధ్యయనమే. వాళ్లంతా డబ్బు, కోచ్‌లు, ఫిజియోలు చుట్టూ ఉన్నవాళ్లు. అలాంటివాళ్లకే షరతు తప్పితే ఇంత నష్టం ఉంటే, ఆదివారం ఆటగాళ్ల సంగతి చెప్పేదేముంది?

భయం ఏమంటోంది?

కాలు పాసైనా మనిషి పాసవ్వకపోవచ్చు. వేల మంది రోగుల సమాచారం కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఆపరేషన్ అయినవాళ్లలో 81 శాతం మంది ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్లారు. పాత స్థాయికి చేరింది 65 శాతం. పోటీల్లో దిగింది 55. వెనక్కి తగ్గినవాళ్లందరి మోకాళ్లూ బాగోలేక కాదు, మళ్లీ తెగుతుందేమోనన్న భయం చాలామందిని గీత దగ్గరే ఆపేసింది. ఆటకు తిరిగి వెళ్లే మానసిక సంసిద్ధతను కొలవడానికి ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో 12 ప్రశ్నల పత్రం తయారు చేశారు. ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ అంటారు. మీ ఫిజియో ఇంతవరకు అది ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

అమెరికా బాస్కెట్‌బాల్ తార డెరిక్ రోజ్‌కు 2012 ఏప్రిల్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. 2013 మార్చికల్లా డాక్టర్లు ఆడొచ్చన్నారు. అతను ఆ సీజన్ మొత్తం దిగలేదు. అభిమానులు, పత్రికలు ఆడిపోసుకున్నారు. తీరా తర్వాతి సీజన్ మొదలైన కొద్ది వారాలకే కుడి మోకాలి మెనిస్కస్ చిరిగింది. అతను ఆగడం తప్పా ఒప్పా అని నేటికీ వాదించుకునేవాళ్లున్నారు. నా మట్టుకు నాకు అతను ఆగడం సబబే అనిపిస్తుంది. డాక్టరు అనుమతి ఇస్తారు, కాలు మీది. అనుమతి అంటే ఆజ్ఞ కాదు.

భయాన్ని రెండుగా విడదీసుకోండి. ‘ఎడమవైపు తిరిగి ఒంటికాలి మీద దిగేటప్పుడు భయం’ అని వేలు పెట్టి చూపించగలిగితే అది సమాచారం. ఆ కదలికనే మెల్లగా, తర్వాత వేగంగా, ఆ తర్వాత ఎదురుగా మనిషిని పెట్టి సాధన చేయండి. కరిగిపోతుంది. ‘ఏమో, ఎందుకో భయం’ అనేది మాత్రం గుమ్మం దాటనివ్వని అలవాటు. దానికి ఇంకో నెల విశ్రాంతి మందు కాదు, పెంచే ఎరువు. ఫిజియో సాయం చాలదనుకుంటే క్రీడా మనస్తత్వ నిపుణుడి దగ్గరికి వెళ్లడంలో నామోషీ లేదు.

భయమే లేనివాళ్ల సంగతి? వాళ్లు ఎక్కువగా పాతికేళ్ల లోపువాళ్లే. ఆ వయసులో ఆటకు తిరిగొచ్చినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలి ఏసీఎల్ మళ్లీ తెగినట్టు 2016 నాటి సమీక్ష ఒకటి లెక్కగట్టింది. ‘ఏదో ఒక మోకాలు’ అన్న మాట గమనించండి. బాగున్న కాలికీ భరోసా లేదు. స్పెయిన్ షట్లర్ కరొలినా మారిన్ మనకు బాగా తెలుసు, రియో ఒలింపిక్స్‌లో సింధు చేతిలోంచి స్వర్ణం లాక్కున్న అమ్మాయి. 2019 జనవరిలో సైనాతో ఫైనల్ ఆడుతుండగా కుడి మోకాలు. ఎనిమిది నెలల్లోపే తిరిగొచ్చి చైనా ఓపెన్ గెలిచింది. 2021లో టోక్యోకు ముందు ఎడమ మోకాలు. 2024 పారిస్ సెమీస్‌లో గెలుపు బాటలో ఉండగా మళ్లీ కుడిది. ఆమె తొందరపడబట్టే ఇలా అయిందని ఎవరూ చెప్పలేరు, ఒక్కరి కథతో లెక్క తేలదు. ఎంత బాగా తిరిగొచ్చినా ఈ గాయం ప్రమాదాన్ని సున్నా చేసి పంపదని మాత్రం తెలుస్తుంది.

మరోవైపు మన పుల్లెల గోపీచంద్ ఉన్నారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నారు. ఇప్పుడున్న యంత్రాలు, ప్రశ్నపత్రాలు, స్లో మోషన్ ఫోన్లు అప్పుడెక్కడివి? 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. గాయానికీ గెలుపుకీ మధ్య ఏడేళ్లు. వార్తల్లో ఆ ఏడేళ్లు ఒక్క వాక్యంలో అయిపోతాయి. ఆయన మాత్రం వాటిని రోజూ పొద్దున లేచి బతకాల్సి వచ్చింది.

ఎవరి తొందర ఇది?

ఈవెంట్స్ డేట్ వచ్చేసింది సార్. సెలెక్షన్స్ ఆదివారమే మేడమ్. అక్క పెళ్లిలో బావతో కలిసి డాన్స్ చేయాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోయింది. ఇవన్నీ నిజమైన ఒత్తిళ్లే. కొట్టిపారేయడం తేలిక, వాటితో జీవించడం కష్టం. ఆపరేషన్‌కు బీమా ఇచ్చిన కంపెనీ నెలల తరబడి సాగే ఫిజియోథెరపీకి చాలాసార్లు చేయి విదిలించదు. ఒక్కో సిటింగూ జేబులోంచే పోతుంటే ‘ఇక చాలు’ అనాలని ఎవరికుండదు? అలాంటప్పుడు మానేయకండి, విడదీయండి. వారానికి మూడుసార్లు వెళ్లేది పదిహేను రోజులకోసారి చేసుకుని, మధ్యలో చేయాల్సింది రాయించుకుని ఇంట్లోనో జిమ్‌లోనో చేయండి. కొలతల కోసం మాత్రం తప్పక వెళ్లండి.

ఒత్తిడి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమని క్రీడా వైద్యులు చెబుతారు. గాయం ఏ స్థితిలో ఉంది? నేను చేయబోయే పని దాని మీద ఎంత భారం వేస్తుంది? ఎంత ప్రమాదానికి నేను సిద్ధం? మొదటిదానికి సర్జన్, రెండోదానికి ఫిజియో, కోచ్ జవాబు చెప్పగలరు. మూడోది మీ ఒక్కరిదే. వయోపరిమితి దాటిపోయే ఆఖరి నోటిఫికేషన్ అయితే 85 శాతంతోనూ దిగుతానని ఒకడు నిర్ణయించుకోవచ్చు. తెలిసి చేస్తే అది తెగింపు. అంకె ఎంతో కూడా తెలుసుకోకుండా, కోచ్ అరిచాడని దిగితే దానికి వేరే పేరుంది. అరిచిన కోచ్ రెండో ఆపరేషన్ బిల్లు కట్టడు. “గురువుగారూ, నా క్వాడ్స్ 78 దగ్గరుంది, 90 రాగానే మొదటి ప్రాక్టీసుకు నేనే వస్తాను” అని చెప్పి చూడండి. అంకెతో చెప్పిన ‘కాదు’ను కాదనడం కష్టం.

వదల్లేని వాళ్లు

వీళ్లు తక్కువే గానీ ఉన్నారు. ఏడాదయ్యాక కూడా వచ్చి బల్లమీద పడుకుని ‘కరెంటు పెట్టించుకుని’ వెళ్తుంటారు. ఆ యంత్రాలు తొలి రోజుల్లో నొప్పికి, కండరాన్ని మేల్కొల్పడానికి కొంత సాయం చేస్తాయి. పదో నెలలో బల్లమీద పడుకుంటే వచ్చే బలం లేదు. మోకాలికి నీ-క్యాప్ తొడగనిదే గుమ్మం దిగరు, ఫిజియో ఫోన్ ఎత్తనిదే బరువు పెంచరు. ఇక్కడ తప్పు రోగి ఒక్కడిదే అనలేం. వెళ్లిపోతే ఆదాయం పోతుందని ‘ఇంకో పది సిటింగులు చూద్దాం’ అనే క్లినిక్కులూ ఉన్నాయి. మీ ఫిజియోను నేరుగా అడగండి: “నేను ఏ అంకె అందుకుంటే మీరు నన్ను రావద్దంటారు?” మంచి ఫిజియో ముఖం వికసిస్తుంది. మొదటి రోజు నుంచే మిమ్మల్ని పంపించేయడానికి పనిచేసే మనిషి ఆయన. జవాబు నసిగితే మీరే వేరే చోటు వెతుక్కోవచ్చు.

పంపించేటప్పుడూ ఒక్కసారిగా పంపరు. 2015లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కూడిన క్రీడా ఫిజియోథెరపిస్టులు తిరిగిరావడాన్ని మూడు మెట్లుగా విడదీశారు. ముందు ప్రాక్టీసులో పాల్గొనడం, తర్వాత ఆటకు దిగడం, చివరికి పాత ప్రతిభను అందుకోవడం. ఉద్యోగానికైనా పొలానికైనా ఇదే వరస పనికొస్తుంది. మొదటి వారం సగం పూట, తర్వాత పూర్తి రోజు, ఆ తర్వాతే బరువులు. ఆట అయితే ముందు ఒంటరిగా, తర్వాత ఎదురుగా ఒకరు, తర్వాత పది నిమిషాల మ్యాచ్.

చివరి సిటింగు రోజున ఇంటికి పట్టుకెళ్లాల్సినవి అడిగి తీసుకోండి. మీ ఆఖరి కొలతలు, తేదీతో సహా. వారానికి రెండుసార్లు చేయాల్సిన కాలి బలం వ్యాయామాలు, వాటికి ముగింపు తేదీ ఉండదు, ఆట ఆడినన్నాళ్లూ ఉంటాయి. మైదానంలో దిగే ముందు చేసే వార్మప్, ఫుట్‌బాల్ వాళ్లకు ఫిఫా తయారుచేసిన ఇరవై నిమిషాల కార్యక్రమం ఉచితంగానే దొరుకుతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించుకునే తేదీ. ఇక ప్రతి కొత్త పని చేసిన మర్నాడు పొద్దున, పళ్లు తోముకోకముందే, ఆ అర నిమిషం వాపు పరీక్ష. నీరు లేకపోతే నిన్నటిదే మళ్లీ చేయండి, వారం తర్వాత కొంచెం పెంచండి. నీరు కనిపిస్తే రెండు రోజులు తగ్గించండి. రెండు వారాలైనా తగ్గకపోతే ఫిజియోకు ఫోన్ చేయండి, నంబరు తీసేయకుండా ఉంటే.